జప్‌జీ చదువుతుంటే మనసు నిలవట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది వైజాగ్, సీతమ్మధార. గురుద్వారాలో కీర్తన వినడం అలవాటై, ఇప్పుడు పొద్దున్నే ఇంట్లో తెలుగు లిపిలో జప్‌జీ సాహిబ్ (సిక్కుల ఉదయపు ప్రార్థన) చదువుతున్నాను. నాలుగైదు పౌడీలు (చరణాలు) దాటేసరికి నోటి పని నోటిదే, బుర్ర మాత్రం డ్యూటీ, ఈఎంఐ, ఇంకేవో టెన్షన్ల మీదకు పోతుంది. మీకూ ఇంతేనా?

జవాబు 1: అందరికీ ఇంతేనండి. మనసులో చదవకుండా మీ చెవికి వినపడేలా చదవండి. 8 నుంచి 11 వరకు పౌడీలు వినడం గురించే కదా, ఊరికే పెట్టలేదు. ఫోన్ పక్క గదిలో పెట్టండి.

జవాబు 2: తమ్ముడూ, అర్థం తెలియకపోతే మనసు దేన్ని పట్టుకుంటుంది చెప్పు? మొత్తం 38 పౌడీలు, పైన మూల మంత్రం, చివర సలోక్ (ముగింపు పద్యం). రోజూ పూర్తిగా చదువు, కానీ ఒక్క పౌడీ అర్థం మాత్రం రోజంతా గుర్తు పెట్టుకుని తిరుగు. ఎంతసేపు మౌనంగా కూర్చున్నా లోపల మౌనం రాదని గురునానక్ మొదటి పౌడీలోనే చెప్పేశారు, మరి నువ్వెందుకు కంగారు పడటం? ఆలోచన వస్తే రానీ, ఆగిన పంక్తి నుంచి మళ్లీ మొదలుపెట్టు. బలవంతంగా తరిమితే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు (నా అభిప్రాయం).

జవాబు 3: చదివే ముందు కాసేపు ఊపిరితో పాటు 'వాహెగురు' (దేవుడి పేరు) సిమరన్, అంటే నామస్మరణ, చేసి చూడు బ్రో.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండి. నైట్ డ్యూటీ ఉన్న వారం అమృత్ వేళకి (తెల్లవారకముందు ప్రార్థన సమయానికి) ప్లాంట్‌లోనే ఉంటాను, అప్పుడు ఎలా?

జవాబు 2: ఇంటికొచ్చి స్నానం చేశాక చదువు, నిద్రమత్తులో మాత్రం వద్దు.