అందరూ గొప్పదన్న ‘జాన్ డీల్మాన్’ నన్ను నిరాశపరిచింది: లోపం సినిమాదా, నా చూపుదా?

ప్రశ్న

‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక పదేళ్లకొకసారి విమర్శకుల చేత ఎన్నిక చేయించే అత్యుత్తమ చిత్రాల జాబితాలో 2022లో మొదటి స్థానం పొందిన సినిమా ‘జాన్ డీల్మాన్’. బెల్జియం దర్శకురాలు శాంతాల్ ఆకెర్మాన్ పాతికేళ్ల వయసులో తీసిన ఈ చిత్రం 1975లో వచ్చింది. ఇంత గౌరవం పొందిన సినిమాను ముక్కలు ముక్కలుగా చూడకూడదని, ఇంట్లోవాళ్లు ఊరెళ్లిన ఆదివారం దాకా ఆగి, ఫోను పక్క గదిలో పెట్టి, 201 నిమిషాలూ ఒక్క బిగిన చూశాను. చెప్పడానికి బాధగా ఉంది గాని, చివరికి నాకు నిరాశే మిగిలింది.

నిడివి గురించి నాకు ఫిర్యాదు లేదు. దాదాపు నాలుగు గంటల ‘దాన వీర శూర కర్ణ’ను కదలకుండా కూర్చుని చూసే ఇంట్లో పెరిగినదాన్ని. ఇక్కడ బ్రస్సెల్స్‌లో ఉండే ఒక వితంతువు మూడు రోజుల పాటు వంట చేస్తుంది, గిన్నెలు కడుగుతుంది, కొడుకు బూట్లకు పాలిష్ వేస్తుంది, మధ్యాహ్నం ఒక విటుణ్ణి లోపలికి రానిచ్చి అతనిచ్చిన డబ్బు పింగాణీ గిన్నెలో దాచి మూత పెడుతుంది. కెమెరా కదలదు; ఆవిడ మనకు వీపు పెట్టి గిన్నెలు కడుగుతుంటే ఆఖరి గిన్నె దాకా మనం చూస్తూ ఉండవలసిందే. నేను పదిహేడేళ్లుగా ఉదయం ఐదున్నరకు పొయ్యి వెలిగిస్తున్నాను. ఆ పనిలో ఎంత విసుగు ఉంటుందో ఒక సినిమా నాకు చెప్పనక్కరలేదు. వంటింట్లో ఎన్నడూ నిలబడని వారికి ఇదొక కొత్త లోకంలా కనిపించి ఉండవచ్చు గాని, నాకు దొరికిన ఒక్క సెలవు రోజు కూడా వంటింట్లోనే గడిచినట్టు అనిపించింది. అందులో నాకు కనబడకుండా పోయినది ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం 1

మీ నిరాశను తప్పుపట్టలేను. తొలిసారి చూసినప్పుడు నేను మొదటి రోజు దగ్గరే ఆపేశాను. అయితే ఆ మొదటి రోజు ఉన్నది విసుగు పుట్టించడానికి కాదని, ఆవిడ పద్ధతి మనకు కంఠతా రావడానికని నాకు తరువాత అర్థమైంది. గది విడిచేటప్పుడు దీపం ఆర్పడం, గిన్నె మీద మూత పెట్టడం, విటుడు వెళ్లేసరికి బంగాళాదుంపలు సరిగ్గా ఉడికి ఉండడం, అన్నీ లెక్క ప్రకారం జరుగుతాయి.

రెండో రోజు మధ్యాహ్నం ఆ లెక్క తప్పుతుంది. పడకగది తలుపు తెరుచుకున్నాక ఆవిడ జుట్టు చెదిరి ఉంటుంది, డబ్బు వేసిన గిన్నెకు మూత పెట్టడం మరిచిపోతుంది, పొయ్యి మీది దుంపలు మెత్తబడి పాడవుతాయి. అప్పుడు ఆవిడ ఆ దుంపల గిన్నె చేతబట్టుకుని, దాన్ని ఎక్కడ దించాలో తోచక గది నుంచి గదికి తిరుగుతుంది. సంచిలో దుంపలు నిండుకున్నాయని బజారుకు వెళ్లి తెచ్చి, మళ్లీ కూర్చుని చెక్కు తీస్తుంది. సంగీతం లేదు, మాట లేదు, ముఖం దగ్గరగా చూపించడం కూడా లేదు. అయినా ఆ చాకు ఆగి ఆగి కదులుతుంటే నాకు గుండె దడ పుట్టింది. రోజూ వంట చేసే మీకే ఆ తడబాటు అందరికంటే ముందు తెలియాలని నా నమ్మకం.

సమాధానం 2

(ముగింపు తెలియకూడదనుకునేవారు ఇది చదవవద్దు.)

నా నిరాశ మరో చోట ఉంది. పై మిత్రులు చెప్పిన దుంపల సన్నివేశం అద్భుతమని నేనూ ఒప్పుకుంటాను. మూడు గంటల పాటు నాటకీయతను దగ్గరికి రానివ్వని దర్శకురాలు చివరికి కత్తెరతో ఒక హత్య చేయించడం మాత్రం నాకు మింగుడుపడలేదు. మూత మరిచిపోవడాన్నే ఒక విపత్తుగా చూడటం మనకు నేర్పిన తరువాత శవం అవసరమేముంది? హత్య తరువాత చీకటి గదిలో, వీధిలోంచి పడే నీలి వెలుగు మినుకుమినుకుమంటుండగా ఆవిడ నిమిషాల తరబడి బల్ల దగ్గర ఊరికే కూర్చునే ఆఖరి దృశ్యం గొప్పదే. ఆ దృశ్యాన్ని హత్య లేకుండానే సాధించి ఉండవలసింది.

2021లో వచ్చిన మలయాళ చిత్రం ‘ద గ్రేట్ ఇండియన్ కిచెన్’ కూడా కూరలు తరగడం, ఎంగిలి ఎత్తడం మళ్లీ మళ్లీ చూపించి, చివరికి ఆ పనులు చేసే ఇల్లాలిని ఇంటి నుంచి బయటికి నడిపించింది. నాకు అది ఎక్కువ నిజాయితీగా అనిపించింది.

సమాధానం 3

ఆ జాబితా గురించి ఒక్క మాట. ఓటు వేసే ప్రతి ఒక్కరూ పదేసి సినిమాల పేర్లు ఇస్తారు, ఎక్కువమంది పట్టికల్లో ఉన్న సినిమా పైకి వస్తుంది. అంటే దీన్ని తమ పదింటిలో ఒకటిగా ఎంచుకున్నవారు ఎక్కువమంది అన్నంతవరకే దాని అర్థం. “ప్రపంచంలో అన్నిటికంటే గొప్పది” అన్న మాట నెత్తిన పెట్టుకుని కూర్చుంటే ఏ సినిమా అయినా చిన్నబోతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి రెండో రోజు భాగం మాత్రం మళ్లీ చూశాను. మొదటిసారి ఆవిడ గిన్నె పట్టుకుని తిరుగుతున్నప్పుడు, ఇంకెంతసేపని గడియారం వైపు చూసిన సంగతి గుర్తొచ్చి నొచ్చుకున్నాను. పోయిన సంక్రాంతికి చుట్టాలు బల్ల ముందు కూర్చున్నాక పప్పు అడుగంటిందని తెలిసి, నేనూ ఆ గిన్నెను అలాగే పట్టుకుని, కాసేపు పొయ్యి దగ్గర, కాసేపు పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆ నడక అబద్ధం కాదు. హత్య విషయంలో రెండో సమాధానం ఇచ్చినవారితో ఏకీభవిస్తున్నాను. మొదటి రోజు మాత్రం నాకు ఇప్పటికీ ఎక్కువసేపు సాగినట్టే ఉంది. అంత నెమ్మది లేకుండా ఆ పద్ధతిని కంఠతా పట్టించే మార్గం దర్శకురాలికి దొరికి ఉండేదేమో అనే అనుకుంటున్నాను.