సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ లేకుండా మొక్కల అక్వేరియం నిలబడుతుందా?

కొత్త_ట్యాంకు (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. రెండడుగుల ట్యాంకు పెట్టి ఆరు వారాలైంది. పోసింది బోరు నీళ్లే. వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్ వేశాను. ముందువైపు పచ్చగా పరుచుకుంటుందని క్యూబా గడ్డి నాటాను. ఎనిమిది గప్పీలున్నాయి. వాలిస్నేరియా బాగా పాకుతోంది, క్యూబా మాత్రం పసుపెక్కి ఊడిపోతోంది. ఆకులన్నిటికీ జుట్టులాంటి నాచు. షాపతను సీఓటూ పెట్టాల్సిందే అంటున్నాడు. అన్నీ కలిపి పది వేలు దాటుతుందట. నిజంగా తప్పదా?

గోదారి_గట్టు (రాజమండ్రి):
వద్దండి. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు దండిగా ఉంటాయి. వాలిస్నేరియా వాటి నుంచే కార్బన్ తీసుకోగలదు. మీ దగ్గర అది పాకడానికి కారణం అదే. దానికి తోడు అనూబియాస్, జావా ఫెర్న్ తెచ్చి రాయికో కొయ్యకో కట్టండి. నా ట్యాంకు నాలుగేళ్లుగా సిలిండర్ లేకుండానే నడుస్తోంది.

నీటిచుక్క:
లైటు ఎన్ని గంటలు వేస్తున్నారు?

పచ్చ_తివాచీ (బెంగళూరు):
గోదారి గారూ, ఆయన అడిగింది క్యూబా గురించి. బైకార్బొనేటు వాడుకోవడం అన్ని మొక్కలకూ రాదు. గాలి నుంచి నీళ్లలో కరిగే సీఓటూ లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. మేము 30 దాకా ఉంచుతాం. ఆ తేడాతోనే క్యూబా తివాచీ అవుతుంది. సిలిండర్ లేకుండా అది నిలబడటం చాలా కష్టం.

గోదారి_గట్టు:
బోరు నీళ్లలో కార్బన్ ఉందా లేదా? అది చెప్పండి ముందు.

పచ్చ_తివాచీ:
ఉంది. క్యూబాకి అందదు. ఇదే మాట రెండోసారి రాస్తున్నాను.

మా_ఊరి_చేప:
నాకు మాంటే కార్లో అనే నేల మొక్క సిలిండర్ లేకుండానే పరుచుకుంది. ఐదు నెలలు పట్టింది.

పచ్చ_తివాచీ:
అది వేరే మొక్క అన్నా.

గోదారి_గట్టు:
సరే, సిలిండర్ సంగతి నేనూ చెప్తాను. ఇంతకుముందు రెండేళ్లు వాడాను. ఒక రాత్రి వాల్వు మూసుకోలేదు. రాత్రిపూట మొక్కలు సీఓటూ తీసుకోవు, అవీ వదులుతాయి. పొద్దున లేచి చూస్తే పదకొండు నియాన్ టెట్రాలు అడుగున పడి ఉన్నాయి. మిగిలిన రెండు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మా పాప స్కూలుకి వెళ్లనని ఏడ్చింది. కొత్తవాళ్లకి ఈ సలహా ఇచ్చేటప్పుడు అది కూడా చెప్పాలి కదా?

పచ్చ_తివాచీ:
చేపలు పోయినందుకు బాధగానే ఉంది. కానీ తప్పు వాల్వుది, సీఓటూది కాదు. టైమరు పెట్టి, లైటు వెలగడానికి గంట ముందు మొదలయ్యి, లైటు ఆరిపోకముందే ఆగేలా చూసుకోవాలి. నీళ్లలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్ పసుపు రంగుకి వస్తే తగ్గించాలి.
నా సంగతీ వినండి. మొదట్లో నేనూ ‘మట్టి చాలు, ఏ సిలిండరూ అక్కర్లేదు’ అనే మాట నమ్మాను. వర్మీకంపోస్టు కలిపిన కుండీ మట్టి అడుగున వేసి, పైన ఇసుక పరిచాను. అమ్మోనియా పెరిగి మూడు రోజుల్లో ఒక్క చేప మిగల్లేదు. ఆ సలహా ఇచ్చినవాళ్లు తర్వాత కనపడలేదు.

గోదారి_గట్టు:
ఎరువు కలిపిన మట్టి వేయమని నేనెక్కడ అన్నాను? రాయని మాట నాకు అంటగట్టకండి. ట్యాంకు పండటానికి, అంటే అమ్మోనియాను విరగ్గొట్టే బ్యాక్టీరియా పెరగడానికి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగకుండా చేపలు వేస్తే ఎవరివైనా చస్తాయి.

పచ్చ_తివాచీ:
ఆగలేదని మీకెలా తెలుసు? నా ఇంట్లో ఉన్నారా మీరు?

మా_ఊరి_చేప:
ఇద్దరూ కాస్త ఆగండి సార్.

గోదారి_గట్టు:
ఆగుతాను. ఒక్క మాట. మీకు అది తోట. చేపలు అందులో తిరిగే రంగులు. నాకు అది చేపల ఇల్లు. వాటికి ప్రాణం మీదికొచ్చే వస్తువు ఏదైనా, ఎంత అందం తెచ్చినా, నేను పెట్టమని చెప్పలేను. మనకి కుదరనిది అక్కడే. బోరు నీళ్ల దగ్గర కాదు.

పచ్చ_తివాచీ:
ఇప్పుడు అసలు మాట అన్నారు. నాకు చేపలంటే లెక్కలేదనుకోకండి. జోరుగా ఎదిగే మొక్క నీళ్లలోని అమ్మోనియాను లాగేసుకుంటుంది, పగలు ఆక్సిజన్ ఇస్తుంది. మొక్క కుళ్లితే ముందు చచ్చేది చేపే. నేను మొక్కకి తిండి పెట్టేది అందుకే. మే నెలలో కరెంటు పోయి ఫిల్టర్ ఆగినప్పుడు నా చేపల్ని నిలబెట్టింది మొక్కలే.

నీటిచుక్క:
మళ్లీ అడుగుతున్నాను. లైటు ఎన్ని గంటలు?

కొత్త_ట్యాంకు:
సారీ అండి, ఇప్పుడే చూశాను. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా. చీకట్లో చేపలు కనపడవని నాన్నగారు ఆపనివ్వరు. కిటికీ కూడా పక్కనే.

నీటిచుక్క:
పదహారు గంటలు! నాచు రాక ఏం చేస్తుంది? ఆరు గంటలకి తగ్గించండి, కిటికీకి పరదా వేయండి. నాన్నగారు హాల్లో కూర్చునే సాయంత్రం నాలుగు నుంచి పది దాకా పెట్టండి.

గోదారి_గట్టు:
ఇది మేం ముందే అడగాల్సింది.

పచ్చ_తివాచీ:
నాచుకి ఇది మందే. క్యూబా విషయంలో మాత్రం నా మాట మారదు.

కొత్త_ట్యాంకు:
టైమరు ఇవాళే తెస్తాను. సిలిండర్ ఇప్పుడు కొనను. క్యూబా తీసేసి అనూబియాస్ కడతాను.

మా_ఊరి_చేప:
తీసిన మొక్కలు చెరువులో వేయకండి తమ్ముడూ. ఎండబెట్టి పారేయండి. గుర్రపుడెక్కతో ఇప్పటికే నిండిపోయి ఉన్నాయి మన చెరువులు.