మాండరిన్ చేప రోజురోజుకీ చిక్కిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
మా ఉప్పునీటి ట్యాంకులోకి మాండరిన్ చేప వచ్చి మూడు వారాలైంది. ఒంటి మీద ఆ నీలం, నారింజ మెలికల గీతలు చూస్తూ కూర్చుంటే టైమే తెలియదు. కానీ నాలుగు రోజులుగా పొట్ట లోపలికి పోయి, వెన్ను పక్కన కండ తగ్గి కనిపిస్తోంది. ఫ్లేక్స్ మూతి ముందు నుంచే జారిపోతున్నా పట్టించుకోదు. రాళ్లను మాత్రం పగలంతా పొడుస్తూనే ఉంది. అంటే తింటున్నట్టే కదా? ట్యాంకు 100 లీటర్లు, పెట్టి రెండు నెలలు. నీటి టెస్టులన్నీ బాగున్నాయి. జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఆకలేనండీ. పొడుస్తోంది సరే, నోటికి ఏమీ దొరకడం లేదు.

ఈ చేపను నేను ఇండోనేషియాలో, బండా నైరా జెట్టీ కింద చూశాను. మనం ఊహించుకునే పగడాల తోట కాదది. లోతు తక్కువ, విరిగిపడిన పగడపు ముక్కల గుట్టలు, వాటి మధ్య మెత్తటి మన్ను. పగలు ఆ సందుల్లోంచి బయటికి రాదు. పొద్దు వాలాక ఒక మగది వచ్చింది, వేలెడంత ఉంటుంది, వీపు మీద మొదటి ముల్లు నిటారుగా లేపింది. ఆడది పక్కకు చేరింది. రెండూ ఒకదానికొకటి ఆనుకుని, మీటరు ఎత్తుకు మెల్లగా లేచి, గుడ్లు వదిలి, రెప్పపాటులో కిందికి దూకేశాయి. అరగంట సేపు కదలకుండా ఉండిపోయాను.

ఆ ముక్కల సందుల నిండా కోపిపాడ్లు (రొయ్యల జాతికి చెందిన నలుసంత జీవులు), సన్నటి పురుగులు ఉంటాయి. మాండరిన్ ఒక్కపూట కడుపు నింపుకుని ఊరుకునే చేప కాదు, పగలంతా ఒక్కొక్కటే ఏరుకుని తింటుంది. రెండు నెలల ట్యాంకులో అవి పెరిగే లోపే ఊడ్చేస్తుంది. బతికున్న కోపిపాడ్లు తెచ్చి, రాత్రి లైట్లు ఆర్పాక రాళ్ల సందుల్లో వదలండి. ఆర్టీమియా (రొయ్యల్లాంటి చిన్న ఉప్పునీటి జీవి) గుడ్లు పొదిగించి, పంపు ఆపి, పిపెట్‌తో దాని మూతి దగ్గరే వేయండి. అయినా కోలుకోకపోతే ఏళ్ల నాటి పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇచ్చేయండి. మనసొప్పదు, తెలుసు. కానీ కళ్ల ముందే ఎండిపోనివ్వకూడదు.

జవాబు 2:
పట్టుకోవాల్సి వస్తే వల వాడకండి, చెంపల దగ్గరి ముళ్లు చిక్కుకుంటాయి. ప్లాస్టిక్ గ్లాసులోకి తోలండి. దీనికి పొలుసులు లేవు, ఒళ్లంతా చేదు జిగురే కాపలా. ఇంకో మాట, చాలా చేపల్లో నీలం రంగు కనిపించేది వెలుతురు పరావర్తనం వల్లే. దీని చర్మంలో మాత్రం నిజంగానే నీలి వర్ణకం ఉన్న కణాలున్నాయి. 1995లో జపాన్ శాస్త్రవేత్తలు వాటి గురించి రాశారు.

అడిగినవారు:
థాంక్సండీ. నిన్న ఆర్టీమియా పొదిగించాను. ఇవాళ పంపు ఆపి, చేప పక్కన రాయి మీద వదిలాను. కాసేపు తేరిపార చూసింది. తర్వాత మూతి ముందుకు సాచి లాగేసింది. లెక్కపెట్టాను, ఏడుసార్లు. పొద్దున మళ్లీ వేస్తాను.