కర్నూలు నుంచి 30 కిలోమీటర్ల ఎత్తుకి బెలూన్ పంపాలి, డబ్బా తిరిగి దొరకాలంటే ఏం చేయాలి?

తుంగభద్ర_ఈసీఈ

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, ఈసీఈ మూడో సంవత్సరం. మేం ఎనిమిది మందిమి కలిసి, వాతావరణ శాఖ వాళ్లు రోజూ వదులుతారే, అలాంటి రబ్బరు బెలూన్‌కి ఒక థర్మోకోల్ డబ్బా కట్టి, అందులో గోప్రో కెమెరా పెట్టి 30 కిలోమీటర్ల దాకా పంపాలనుకుంటున్నాం. పట్టపగలు నల్లటి ఆకాశం, కింద భూమి వంపు, ఆ వీడియో మా చేతికి రావాలి. నాకైతే ఏడో తరగతి నుంచి ఉన్న కోరిక ఇది, మిగతావాళ్లకి ఇప్పుడు ఎక్కింది. తలా ఆరు వేలు వేసుకున్నాం, 48 వేలు ఉన్నాయి. బెలూన్ 1200 గ్రాములది, సామానంతా కలిపి 1200 గ్రాముల లోపు ఉంచుతాం. సంక్రాంతి సెలవుల్లో వదలాలని ప్లాన్.

డబ్బాలో పాత ఫోన్ ఒకటి సిమ్‌తో పెట్టి లొకేషన్ షేరింగ్ ఆన్ చేస్తే సరిపోదా, రేడియో నిజంగా కావాలా? హీలియం ఒక సిలిండర్ చాలుతుందా? పర్మిషన్‌కి పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇస్తే చాలని మా సీనియర్ అన్నాడు, డ్రోన్ల మ్యాప్‌లో మేం అనుకున్న పొలం గ్రీన్ జోన్‌లోనే ఉంది. అన్నిటికన్నా పెద్ద టెన్షన్ కెమెరా గురించి. అది దొరక్కపోతే వీడియో లేదు, ఇంకోటి కొనే స్తోమత కూడా లేదు. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.


రేడియో_రాత్రులు

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో హ్యామ్‌ని, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియో నడిపేవాణ్ణి, ఇరవై ఏళ్లు దాటింది. ముందు ఆ ఫోన్ సంగతి మర్చిపో. సెల్ టవర్ల యాంటెనాలు ఊళ్ల వైపు, కాస్త కిందికి వంచి పెడతారు, ఆకాశం వైపు కాదు. డబ్బా ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కేసరికి ఫోన్ మూగబోతుంది, ఆ తర్వాత దాదాపు రెండున్నర గంటలు టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది, చివరికి టవర్ లేని చోట పడిందంటే ఇక అంతే. విదేశీ వీడియోల్లో శాటిలైట్ ట్రాకర్లు వాడటం చూసి ఉంటావు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఆ రకం ట్రాకర్లు దగ్గర ఉంచుకున్నా కేసు అవుతుంది. అక్కడి బంధువులు ఎవరైనా పంపుతామన్నా వద్దని చెప్పు.

రేడియో అయితే వేరే కథ. 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగంతం 600 కిలోమీటర్ల పైన ఉంటుంది, మధ్యలో కొండ అడ్డు లేదు, చెట్టు అడ్డు లేదు. అందుకే 10 మిల్లీవాట్ల బుల్లి ట్రాన్స్‌మిటర్ కూడా వందల కిలోమీటర్లు వినిపిస్తుంది. అది పాతిక సెకన్లకోసారి ఎత్తు, అక్షాంశం, రేఖాంశం చెబుతూ ఉంటే చాలు. అసలు కష్టం కిందికి దిగాక మొదలవుతుంది. శనగ చేలో పడ్డ డబ్బా అదే పవర్‌తో కిలోమీటరు, రెండు కిలోమీటర్లకి మించి వినపడదు. కాబట్టి బెలూన్ పైన ఉబ్బిపోయి పగిలే సమయానికే మీ బండి పడబోయే చోటికి దగ్గర్లో ఉండాలి. మేడ మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో చూసుకుందాం అంటే కుదరదు.

ఏ బ్యాండ్ అంటావా? 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మన దగ్గర లైసెన్స్ అక్కర్లేనిది, లోరా అనే, తక్కువ పవర్‌తో చాలా దూరం చేరే రేడియో మాడ్యూళ్లు అందులో దొరుకుతాయి. 433 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ చవగ్గా వస్తోంది కదా అని పెట్టేయకు, దానికి హ్యామ్ లైసెన్స్ ఉండాలి. మీ ఎనిమిది మందిలో కనీసం ఇద్దరు పరీక్ష రాయండి, మొదటి మెట్టు రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు, సోమాజిగూడలో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, అడిగితే దారి చూపిస్తారు. కానీ ఒక మాట, లైసెన్స్ ఉన్నా లేకపోయినా, ఏ బ్యాండ్ అయినా, బెలూన్ మీద నుంచి ప్రసారం చేస్తామని స్పష్టంగా రాసి, టెలికాం శాఖలో రేడియో అనుమతులు చూసే డబ్ల్యూపీసీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. మన లైసెన్సులు నేల మీద స్టేషన్‌ని మనసులో పెట్టుకుని ఇచ్చేవి.

పర్మిషన్ విషయంలో మీ సీనియర్ మాట వినొద్దు. డ్రోన్ల గ్రీన్ జోన్ అంటే 400 అడుగుల దాకా. మీ డబ్బా విమానాలు తిరిగే 35,000 అడుగుల్ని ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి దాటుతుంది, అదీ హైదరాబాద్, బెంగళూరు మధ్య, పక్కనే ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి రాయాలి, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్లకి తెలియాలి, వాళ్లు పైలట్లకి నోటమ్ అనే హెచ్చరిక నోటీసు ఇస్తారు, పై నుంచి వీడియో తీయడం గురించి కూడా అదే ఉత్తరంలో అడగాలి. అంతర్జాతీయ నిబంధనల్లో 4 కిలోల లోపు సామాను ఉన్నదాన్ని తేలిక బెలూన్ అంటారు, మీది అందులోకే వస్తుంది, అది ఉత్తరంలో ముందే రాయండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకంతో. సంక్రాంతికి ఇది తేలదు తమ్ముడూ, నెలలు పడుతుంది. కానీ ఇందులో ఏ ఒక్కటీ వదిలేయడానికి వీల్లేదు, పైన మనుషులున్న విమానాలు తిరుగుతాయి.


గోధుమచేను_ప్రవాసి

అన్న చెప్పింది అక్షరాలా నిజం. మాది నంద్యాల, ఇప్పుడు కాన్సాస్‌లో చదువుతున్నా, ఇక్కడ క్లబ్బులో రెండుసార్లు వదిలాం. ఇక్కడ అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ రూల్సులో 101 అనే భాగం ఉంది, ఒక్కో డబ్బా ఆరు పౌండ్లు, మొత్తం పన్నెండు పౌండ్ల లోపు ఉండి, తాడు 50 పౌండ్ల లాగుడుకి తెగిపోయేదైతే చాలా షరతులు వర్తించవు. కాబట్టి ఇక్కడి వీడియోలు చూసి అక్కడ కూడా ఇంతే అనుకోకండి.

మా మొదటి బెలూన్ సంగతి చెప్తా, ఎందుకంటే ఈ ఒక్క తప్పు మీరు చేయకూడదు. ఉదయం ఎనిమిదింటికి వదిలాం, నలభై నిమిషాలు బ్రహ్మాండంగా లొకేషన్ వచ్చింది, 12 కిలోమీటర్ల దగ్గర అంకెలు ఆగిపోయాయి. రేడియో బాగానే పనిచేస్తోంది, అదే లొకేషన్ మళ్లీ మళ్లీ పంపుతోంది. ఆ రోజంతా పిచ్చివాళ్లలా మట్టిరోడ్ల మీద తిరిగాం. జీపీఎస్ చిప్ కొన్నప్పుడు మామూలు మోడ్‌లో ఉంటుంది, 12 కిలోమీటర్ల పైన లెక్క కట్టడం మానేస్తుంది. యూ-బ్లాక్స్ చిప్ అయితే దాన్ని ఎయిర్‌బోర్న్ మోడ్‌లో పెట్టాలి, అప్పుడు 50 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. మేం పెట్టాం, కానీ మధ్యలో ఒకసారి కరెంటు తెగి చిప్ రీసెట్ అయి పాత మోడ్‌లోకి వెళ్లిపోయింది. అందుకే ఒకసారి చెప్పి వదిలేయకుండా ప్రతి నిమిషం చిప్‌ని మోడ్ అడిగి సరిచూసుకునేలా కోడ్ రాయండి. నాలుగు నెలల తర్వాత ఒక రైతు గోధుమ కోత కోస్తుంటే డబ్బా దొరికి, మీద రాసిన నంబర్‌కి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ వచ్చినప్పుడు ల్యాబ్‌లో అందరం అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

కెమెరా గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. కొన్ని యాక్షన్ కెమెరాలు ఆన్ చేయగానే వాటి నుంచి వచ్చే రేడియో రొద జీపీఎస్‌ని కప్పేస్తుంది. బయట డాబా మీద పెట్టి, కెమెరా ఆపి ఎన్ని ఉపగ్రహాలు కనబడుతున్నాయో చూడండి, ఆన్ చేసి మళ్లీ చూడండి. పదకొండు కాస్తా నాలుగైతే రెంటినీ దూరంగా జరపండి, కెమెరా వైఫై కట్టేయండి. చలి కూడా మీకే ఎక్కువ. మన వైపు 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80 దాకా పడిపోతుంది, కాన్సాస్ మీద అంత ఉండదు. ట్రాకర్‌కి మామూలు సెల్స్ వద్దు, మైనస్ 40 దాకా పనిచేసే లిథియం ఏఏ సెల్స్ ఉంటాయి, ఖరీదెక్కువైనా అవే పెట్టండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి, లేకపోతే లెన్స్ మీద మంచు పట్టి మూడు గంటల తెల్ల వీడియో వస్తుంది. ఫ్రిజ్‌లో కాదు, ఐస్‌క్రీమ్ షాపు వాళ్లని బతిమాలి డీప్ ఫ్రీజర్‌లో మూడు గంటలు మొత్తం ఆన్ చేసి ఉంచి చూడండి.

హీలియం లెక్క సులువే. ఘనపు మీటరు సుమారు ఒక కిలో లేపుతుంది. బెలూన్ 1.2, సామాను 1.2, సెకనుకి 5 మీటర్లు ఎక్కడానికి ఇంకో కిలో పైచిలుకు, అంటే మూడున్నర ఘనపు మీటర్లు. 7 ఘనపు మీటర్ల సిలిండర్ ఒకటి తెస్తే మిగులుతుంది. లగేజీ తూచే చిన్న త్రాసు బెలూన్ మెడకి తగిలించి ఎంత లాగుతోందో చూసుకోండి, కంటి అంచనా వద్దు. నేల మీద రెండు మీటర్ల లోపు ఉండే బెలూన్ 30 కిలోమీటర్ల దగ్గర ఏడున్నర మీటర్లవుతుంది. ఎక్కువ గ్యాస్ కొడితే వేగంగా ఎక్కి తక్కువ ఎత్తులోనే పగులుతుంది. తక్కువ కొడితే ఇంకా ఘోరం, పగలకుండా తేలుతూ ఎక్కడికి పోతుందో చెప్పలేం. హైడ్రోజన్ చవక అని ఎవరైనా చెబితే దాని జోలికి మాత్రం పోవద్దు.


తుంగభద్ర_ఈసీఈ

అన్నలిద్దరికీ చాలా థ్యాంక్స్. ఫోన్ ఆలోచన మానేశాం. మా దగ్గరున్న జీపీఎస్ మాడ్యూల్ ఏ మోడ్‌లో ఉందో ఇవాళే చూశాను, మామూలు మోడ్‌లోనే ఉంది, చూసి గుండె ఆగినంత పనైంది. ఇంకో ప్రశ్న, జనవరి కాకపోతే ఏ నెలలో వదిలితే మంచిది? ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుందా?


రేడియో_రాత్రులు

అడగాల్సిన ప్రశ్న అడిగావు. సోండ్‌హబ్ ప్రిడిక్టర్ అని ఉంది, అమెరికా వాతావరణ సంస్థ నోవా ఇచ్చే గాలుల లెక్కలు తీసుకుని ఎక్కడ పడుతుందో మ్యాప్ మీద గీస్తుంది. ఈ రోజు నుంచే ప్రతి ఉదయం ఒకసారి నడిపి, పడే చోటు కాగితం మీద చుక్క పెట్టుకుంటూ పో. నెల తిరిగేసరికి నీకే అర్థమవుతుంది. చలికాలం పైన పడమటి గాలులు, కర్నూలు నుంచి తూర్పుకి తోస్తాయి. తూర్పున ఏముంది? నల్లమల. పులుల అభయారణ్యంలో పడ్డ డబ్బా కోసం నువ్వు లోపలికి పోలేవు, పోకూడదు. ఇంకాస్త ఉత్తరంగా పోతే శ్రీశైలం నీళ్లు. వానాకాలం పైన బలమైన తూర్పుగాలి రాయచూర్ వైపు ఈడ్చుకుపోతుంది, మబ్బులు, వాన వేరే. అందుకే మీ ఊరి నుంచే వదలాలన్న పట్టుదల పెట్టుకోవద్దు. పడమరగా ఆదోని అవతలికి జరిగి వదిలితే అడవి చేరేలోపే నల్లరేగడి చేలల్లో దిగే రోజులు దొరుకుతాయి. గీత అడవి మీదికి పోతే ఆ రోజు వదలొద్దు, సిలిండర్ తెచ్చేశాం కదా అని మొండికేయొద్దు. నోటమ్‌లో తేదీలు ఒకటికి రెండు అడుగు.

అనుమతులు వచ్చేలోపు ఖాళీగా కూర్చోకండి. వాతావరణ శాఖ హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖల నుంచి తెల్లవారు 5:30, సాయంత్రం 5:30 లెక్కకి రేడియోసోండ్‌లు, అంటే బెలూన్‌కి కట్టిన వాతావరణ రేడియో పరికరాలు, వదులుతుంది, అవి 400 నుంచి 406 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడతాయి. ల్యాప్‌టాప్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్ ఆర్టీఎల్ డాంగిల్, ఒక దిక్కుకి గురిపెట్టే యాగీ యాంటెనా కొలత టేపుతో చేసింది తీసుకుని కర్నూలులోనే ఎత్తైన మేడ ఎక్కండి. బేగంపేట నుంచి లేచినది బాగా పైకెక్కాక మీకు వినిపించాలి. దాన్ని పట్టుకోలేకపోతే మీదీ పట్టుకోలేరు.


మర్పల్లి_పత్తిచేను

నాకు రేడియోలు తెలియవు, కానీ పడేవైపు నుంచి ఒక మాట. మాది వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం. 2022 డిసెంబర్‌లో మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద గుండ్రటి డబ్బా లాంటిది దిగితే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వెళ్లాయి. గ్రహాంతర వాసులన్నారు, బాంబన్నారు. తర్వాత తెలిసింది, హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి వదిలిందని. వాళ్లవి 50 నుంచి 85 మీటర్ల ప్లాస్టిక్ బెలూన్లంట, దశాబ్దాలుగా వదులుతున్నారు, కింద పడ్డవాటిని ముట్టుకోవద్దని జిల్లాలకి ముందే చెబుతారు, పేపర్లో కూడా వేస్తారు. అంత చెప్పినా పడ్డ రోజు జనం భయపడ్డారు. మీది ఎవరికీ తెలియని కాలేజీ పిల్లల డబ్బా, అందులో వైర్లు, లైటు, బ్యాటరీ. ఆలోచించండి.

కాబట్టి డబ్బా నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో రాయండి: ఇది ప్రమాదం కాదు, విద్యార్థుల వాతావరణ ప్రయోగం, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి. తెలుగులో, కన్నడలో రెండింట్లో రాయండి, రాయచూర్ పక్కనే కదా. పారాచూట్ మంచి నారింజ రంగుది పెట్టండి, పచ్చటి చేలో కనబడాలి. గీత వెళ్లే దారిలో ఉన్న స్టేషన్లకి, సర్పంచులకి ముందురోజే ఫోన్ చేయండి. పొలంలో పడితే రైతుని అడక్కుండా దిగొద్దు, పదిమంది బూట్లతో తొక్కితే ఆ సాళ్లు పోయినట్టే. ఇంకొకటి, పారాచూట్ గానీ తాడు గానీ కరెంటు తీగల మీద పడితే కర్రతో లాగొద్దు, రాళ్లు విసరొద్దు, మోటార్ల ట్రాన్స్‌ఫార్మర్లకి పోయే లైన్లు 11 వేల వోల్టులవి. లైన్‌మన్‌కి ఫోన్ చేసి కరెంటు ఆపించి తీయించుకోండి. మా ఊళ్లో గాలిపటం కోసం ఒక పిల్లాడు పోయాడు. వీడియో మళ్లీ తీసుకోవచ్చు.


తుంగభద్ర_ఈసీఈ

మీ మెసేజ్ మా ఎనిమిది మందికీ చదివి వినిపించాను అన్నా. తీగల గురించి మాలో ఒక్కరికీ తట్టలేదు. జట్టులో కన్నడ రాసేవాడు ఒకడున్నాడు, వాళ్లది బళ్లారి, డబ్బా మీద రాసే పని వాడికిచ్చాం.

సంక్రాంతి ప్లాన్ మానేశాం. డీజీసీఏకి, డబ్ల్యూపీసీకి ఉత్తరాలు రాస్తున్నాం, మా హెచ్‌ఓడీ మేడమ్ సంతకం పెట్టిస్తానన్నారు. నేనూ మాలో ఒక అమ్మాయీ హ్యామ్ పరీక్షకి చదవడం మొదలుపెట్టాం. ప్రిడిక్టర్ రోజూ నడుపుతున్నా, ఆరు రోజుల్లో నాలుగు చుక్కలు నల్లమలలోనే పడ్డాయి, ఆదోని పడమర నుంచి నడిపితే ఒక్కటే పడింది.

నిన్న సాయంత్రం హాస్టల్ మేడ మీద డాంగిల్ పెట్టాం. గంటసేపు రొద తప్ప ఏమీ లేదు, మావాళ్లు ముగ్గురు కిందికి దిగిపోయారు కూడా. 6:10కి స్క్రీన్ మీద సన్నటి గీత ఒకటి మొదలైంది, యాంటెనా ఉత్తరం వైపు తిప్పితే చిక్కబడుతోంది, పక్కకి తిప్పితే పోతోంది. ఇంకా డీకోడ్ చేయలేకపోయాం. స్క్రీన్‌షాట్ పెడతాను, అది సోండ్‌దేనా కాదా కొంచెం చూసి చెప్పండి అన్నా.