అను–యూనికోడ్ కన్వర్టర్: ఎంఐటీ నుంచి జీపీఎల్‌కు మార్చాలా?

కాజీపేట_కోడర్: డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే నా టూల్‌ను ఎంఐటీ లైసెన్స్‌తో (కాపీరైట్, లైసెన్స్ నోటీసు ఉంచితే ఎవరైనా ఎట్లయినా వాడుకోవచ్చు) ఇచ్చాను. హన్మకొండలో ఒకరు దాన్ని సెటప్ ఫైలుగా చేసి, నా పేరు, లైసెన్స్ రెండూ తీసేసి, డీటీపీ షాపులకు 1,500 రూపాయలకు అమ్ముతున్నారు. వచ్చే వెర్షన్‌ను జీపీఎల్ 3 (దీన్ని కలిపి చేసిన ప్రోగ్రాం ఇతరులకు ఇస్తే, దాన్నీ ఇదే లైసెన్స్‌తో ఇవ్వాలి) కింద ఇద్దామనుకుంటున్నాను.

పాత_డీటీపీ: మంచి పని తమ్ముడూ. జీపీఎల్ పెడితే అమ్మకం బంద్ అయితది.

కరీంనగర్_లినక్స్: కాదన్నా. జీపీఎల్ ఉన్నా అమ్ముకోవచ్చు. కొన్నవాళ్లకు సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత), అవే హక్కులు అందాలి. ఇక పేరు తీసేయడం ఎంఐటీలోనూ తప్పే. కాపీరైట్ నోటీసు ప్రతి కాపీలో ఉండాలన్నదే అందులోని షరతు. దాన్నే లెక్కచేయనివాడు జీపీఎల్‌ను లెక్కచేస్తాడా?

పాత_డీటీపీ: అమ్ముకోవచ్చంటే మరి జీపీఎల్‌ది ‘ఫ్రీ’ సాఫ్ట్‌వేర్ ఎట్లయింది?

జగిత్యాల_టీచర్: సెటప్ ఫైలు మీరే ఇచ్చి ఉంటే ఎవరూ కొనేవాళ్లు కాదు. మీ టూల్ నడపడానికి కావాల్సిన పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష షాపులో ఎవరికి వస్తుంది? డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లో ప్రతి ప్యాకేజీతో కాపీరైట్ ఫైలు కూడా వస్తుంది. మీరూ అట్లనే కట్టి ఇవ్వండి.

ములుగు_ఒత్తులు: క్ష, జ్ఞ, ర-వత్తు తప్పుగా వస్తుంటే రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని ఈ టూల్‌లోని అక్షరాల మార్పిడి పట్టికలు సరిచేసింది నేను. నన్ను అడగకుండా లైసెన్స్ ఎట్లా మారుస్తావు?

కరీంనగర్_లినక్స్: మీరూ ఎంఐటీ కిందే ఇచ్చారు కదా. ఆ నోటీసు ఉంచి జీపీఎల్ ప్రాజెక్టులో కలపవచ్చు. ఇప్పటికే బయటికెళ్లిన కాపీలు మాత్రం ఎంఐటీగానే ఉంటాయి. 2023లో టెరాఫామ్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మారితే, అంతకుముందున్న కోడ్ తీసుకునే ఓపెన్‌టోఫు అనే వేరే ప్రాజెక్టు మొదలుపెట్టారు.

ములుగు_ఒత్తులు: నాకు లైసెన్స్ పాఠాలు చెప్పకండి. కాజీపేట తమ్ముడూ, నీ పేరు తీసేశారని ఇంత బాధపడుతున్నావు. నీ నోటీసులో నా పేరు ఏది?

కాజీపేట_కోడర్: కావాలని వదిలేయలేదు. మీరు అడగలేదు కూడా.

ములుగు_ఒత్తులు: హన్మకొండ అతన్నీ నువ్వు అడగలేదుగా? పేరు అడిగితేనే పెట్టేదా?

కాజీపేట_కోడర్: తప్పు నాదే. ఇవాళే చేరుస్తాను. మరి జీపీఎల్‌కు ఒప్పుకుంటారా?

ములుగు_ఒత్తులు: ఒప్పుకోను. పెళ్లికార్డుల షాపులకు నేను చేసి ఇచ్చే బిల్లింగ్ ప్రోగ్రాంలో ఈ టూల్ ఉంది. నీ కొత్త వెర్షన్ జీపీఎల్ అయితే, దాన్ని కలిపినప్పుడు నా కోడ్ అంతా షాపులకు ఇవ్వాలి. దానిమీదే నా ఇల్లు నడుస్తోంది.