మంచు కురిసే ఊళ్లో మూడు నెలలు: నల్లగొండ నుంచి ఏ పుస్తకాలు, ఏ చేతిపని తీసుకెళ్లాలి?

నల్లగొండ అమ్మమ్మ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి, మూడేళ్ల కిందట పదవీ విరమణ చేశాను. అమెరికాలోని మినియాపోలిస్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి డిసెంబరు మొదటి వారంలో వెళ్లి, ఫిబ్రవరి చివరి దాకా ఉండవలసి ఉంది. ఇంతకుముందు ఒకసారి వేసవిలో వెళ్లాను. అప్పుడు రాత్రి తొమ్మిదింటి వరకు వెలుతురు ఉండేది, రోజూ చెరువు చుట్టూ నడిచేదాన్ని. ఈసారి సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుందనీ, జనవరి రాత్రుల్లో సున్నాకు దిగువన 15 డిగ్రీలు అక్కడ మామూలేననీ, మంచు మరీ ఎక్కువగా పడిన రోజు బడికి కూడా సెలవిస్తారనీ అమ్మాయి ముందే చెప్పింది. సున్నాకు ఎగువన 15 డిగ్రీలకే చెవులకు మఫ్లరు చుట్టుకునే మనిషిని నేను.

ఇల్లు వెచ్చగానే ఉంటుంది కాబట్టి చలికి నేను అంతగా భయపడడం లేదు. అమ్మాయీ అల్లుడూ పనికి, ఎనిమిదేళ్ల మనవరాలు బడికి వెళ్లిపోయాక మిగిలే ఆ పొడవాటి పగటి గురించే నా దిగులంతా. నాతో పనిచేసిన ఒకావిడ అలాంటి ఊళ్లోనే ఒక చలికాలం గడిపి వచ్చి, టీవీ సీరియళ్లు తప్ప మరో దిక్కు లేకపోయిందని చెప్పింది. నాకు ఆ గతి వద్దు. పుస్తకాలూ చేతిపనీ వెంట పెట్టుకుని వెళ్లాలనుకుంటున్నాను, కానీ 23 కిలోల పెట్టెలు రెండే ఉన్నాయి, అందులో సగం పచ్చళ్లకూ పిండివంటలకూ పోతుంది. ఏ పుస్తకాలు మోయాలి, చలిరోజుల్లో కుదిరే చేతిపని ఏది, మా చేనులో ఏరిన పత్తి ఒక కిలో వత్తుల కోసమూ, చింతగింజలు వామనగుంటల కోసమూ తీసుకెళ్లవచ్చా అన్నవి నా ప్రశ్నలు. మనవరాలు తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు.

పాలమూరు కోడలు

టీచరమ్మ గారికి నమస్కారం. మాది జడ్చర్ల దగ్గర పల్లె. అబ్బాయి చికాగోలో ఉండడం వల్ల రెండు చలికాలాలు అక్కడే గడిపాను. మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దాంట్లో పొరపాటు జరిగితే విమానం దిగిన చోటే ఇబ్బంది పడతారు. గింజ తీయని పత్తిని దయచేసి పెట్టెలో పెట్టకండి. మన రైతులను ఏటా ఏడిపించే గులాబీ రంగు పురుగుతో అమెరికా వాళ్లు ఏళ్ల తరబడి తంటాలు పడి, చివరికి 2018లో తమ పత్తి చేలల్లో అది లేకుండా పోయిందని ప్రకటించుకున్నారు. అటువంటి వాళ్లు నల్లగొండ చేను పత్తిని లోపలికి రానిస్తారా? మందుల దుకాణంలో అమ్మే శుభ్రం చేసిన దూది చుట్ట ఒకటి తీసుకెళ్లండి, లక్ష వత్తుల నోము పట్టినా సరిపోతుంది. చింతగింజలు కూడా విత్తనాలే కాబట్టి అధికారులకు చెప్పి చూపించాలి, చూపించినా తీసేసుకోవచ్చు. వామనగుంటలకు పాత చొక్కాల గుండీలు చాలు. మా మనవడికైతే గింజలకన్నా రంగురంగుల గుండీలే నచ్చాయి.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు కూడా చెబుతాను. సన్నని తెల్ల దారంతో బల్ల మీద పరిచే క్రోషా గుడ్డ అల్లుదామని సరంజామా అంతా మోసుకుపోయాను. మబ్బు పట్టిన ఆ పగటి వెలుతురులో దారం కళ్లకు ఆనక, తల నొప్పి పుట్టి, అరచేతి వెడల్పు అల్లేసరికి పది రోజుల్లో విసుగొచ్చి పక్కన పడేశాను. రెండో ఏడాది బుద్ధి తెచ్చుకుని, నాలుగు పాత నూలు చీరలు తీసుకెళ్లి బొంత కుట్టాను. బొంత కుట్టడానికి చలికాలాన్ని మించిన కాలం లేదని నాకు అప్పుడే తెలిసింది, ఎందుకంటే సగం కుట్టిన బొంత ఒళ్లో ఉంటే అదే కాళ్లకు కప్పుకోవడానికి పనికొస్తుంది. మన పల్లెలో ఏప్రిల్ ఎండలో ఆ పని చేసిన మా అత్తమ్మ ఏం సుఖపడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చీరలు మెత్తబడిన నూలువే కావాలి. పాలిస్టర్ కలిసినవి ఆ పొడి గాలిలో చిటపటలాడుతూ ఒంటికి అంటుకుంటాయి. పరిచిన పొరలు జరగకుండా ముందు పెద్ద పెద్ద పచ్చి కుట్లు వేసుకుని, అసలు కుట్టు మధ్యలో మొదలుపెట్టి అంచులకు పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే నడుమ గుడ్డ ఉబ్బి ముడతలు పడుతుంది, మళ్లీ విప్పడమే. ముదురు రంగు గుడ్డ మీద లేత దారం వాడితే సాయంత్రం దీపం కింద కూడా కుట్టు కనబడుతుంది. కత్తెరా సూదులూ మాత్రం చేతిసంచిలో పెట్టకుండా పెద్ద పెట్టెలోనే వేయండి.

నడిగడ్డ పాఠకుడు

అమ్మా, నాది గద్వాల. పుస్తకాల మాట వరకే చెబుతాను. చలికాలానికి పది నవలలు మోసుకుపోవడం కన్నా, తొందరపడి చదవలేని పుస్తకం ఒక్కటి తీసుకెళ్లడం మేలని నా అభిప్రాయం. నవల నాలుగు రోజుల్లో అయిపోతుంది, తరువాత మళ్లీ కిటికీయే గతి. మా ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను మీరు ఉద్యోగంలో ఉన్నప్పుడు పాఠం కోసం తిరగేసే ఉంటారు, కానీ పాఠం కోసం తిరగేయడం వేరు, తీరికగా చదవడం వేరు. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదాన్ని కావ్యాల్లోంచి ఏరి కూర్చిన పుస్తకం అది. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చింది, అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్లయింది. రోజుకు నాలుగైదు పేజీలు చదివి, ఆయన ఉదహరించిన పద్యం దగ్గర ఆగి, మీకు గుర్తున్న పద్యం ఒకటి దాని పక్కన రాసుకుంటే మూడు నెలలకు అదొక్కటే సరిపోతుంది. రెండో పుస్తకం కావాలంటే మీ జిల్లావారైన వట్టికోట ఆళ్వారుస్వామి గారి నవల ‘ప్రజల మనిషి’ పెట్టుకోండి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలను తానే జనం దగ్గరికి మోసుకుపోయి అమ్మిన మనిషి రాసిన నవలను పెట్టెలో మోయడానికి బరువేమిటి!

మనవరాలికి మాత్రం వెళ్లిన మర్నాడే అక్షరమాల మొదలుపెట్టకండి. టీచర్లకు ఆ ఆత్రం ఉంటుంది, మా ఇంట్లోనూ ఒక టీచరు ఉన్నందువల్ల చెబుతున్నాను. చీకటి పడ్డాక ఒక కథ పైకి చదివి, సరిగ్గా రుచి పుట్టిన చోట ఆపేయండి. రేపటి దాకా ఆగలేక పాప పుస్తకం చేతిలోకి తీసుకున్న రోజున అక్షరాలు వాటంతట అవే అవసరమవుతాయి.

పోచంపల్లి మగ్గం

మేడమ్, మా ఇంట్లో మూడు తరాలుగా మగ్గమే. నేను మాత్రం ప్రస్తుతం మినియాపోలిస్‌కు మూడు గంటల దూరంలో ఉద్యోగం చేస్తున్నాను. మీ అమ్మాయి ఇంట్లో మీకు మొదట అనుభవమయ్యేది పొడి గాలి. గడ్డకట్టే చలిలో గాలి తేమను పట్టి ఉంచలేదు, ఆ గాలినే లోపలికి తీసుకుని వేడి చేసినప్పుడు తేమ శాతం ఇరవైకి దిగువకు కూడా పడిపోతుంది. అందువల్ల వేళ్ల చివర్లు పగిలి దారం పోగులు వాటికి తట్టుకుంటాయి, దూది కూడా చేతిని వదలదు. వత్తులు చేసేటప్పుడు మా నాయనమ్మ వేళ్లకు కాస్త విభూతి రాసుకునేది, మీరూ అదే చేయండి. రాత్రి పడుకునే ముందు చేతులకు కొబ్బరినూనె పట్టించండి. గదిలో తేమ పుట్టించే యంత్రం ఉంటే ముప్పై, నలభై శాతం దగ్గర ఉంచమనండి. అంతకు మించితే కిటికీ అద్దాల మీద నీరు చేరి గడ్డకడుతుంది.

పాపతో చేయడానికి అట్టపెట్టె మగ్గం కన్నా మంచి పని నాకు తోచడం లేదు. మంచు దేశంలో అట్టపెట్టెలకు కరువు ఉండదు, వారానికి నాలుగు గుమ్మంలోకి వస్తాయి. జానెడున్నర పొడవున్న గట్టి అట్టముక్క తీసుకుని, పైనా కిందా అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున గంట్లు పెట్టి, వాటిలోంచి నూలు దారాన్ని బిగువుగా పైకీ కిందకీ చుడితే అది పడుగు అవుతుంది. రంగు ఊలు దారాన్ని మొండి సూదికి ఎక్కించి, ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా పోనిస్తే అది పేక. ప్రతి వరుసనూ పాత దువ్వెనతో కిందికి దట్టించాలి. పిల్లలు పేకను మరీ గట్టిగా లాగుతారు, దాంతో గుడ్డ నడుము దగ్గర సన్నబడిపోతుంది, కాబట్టి దారాన్ని ఏటవాలుగా వదులుగా వేసి తరువాత దట్టించమని చెప్పండి.

ఒకటి రెండు పట్టీలు నేశాక చిటికి, అంటే ఇక్కత్ సంగతి చూపించవచ్చు. మా వాళ్లు దారాన్ని నేయకముందే, రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. విప్పినప్పుడు కట్టిన చోటు తెల్లగా ఉంటుంది, మగ్గం మీద ఆ తెలుపులన్నీ ఒకచోట చేరితేనే పువ్వో చిలుకో కనబడుతుంది. తెల్ల ఊలు కట్టకు అక్కడక్కడా రబ్బరు బ్యాండ్లు బిగించి, పసుపు కలిపిన వేడినీళ్లలో ముంచి చూపిస్తే పాపకు కిటుకు అర్థమవుతుంది. పసుపు రంగు నిలవదు, వంటింటి గట్టుకు మాత్రం బాగా నిలుస్తుంది. అందుకే కింద పాత పేపర్లు పరుచుకోండి.

పాలమూరు కోడలు

పసుపు మరక సంగతి నిజమే, మా కోడలి తెల్ల రాతిగట్టు సాక్షి. ఇంకొక్క మాట మరిచాను. ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గు లేదని మీ మనసు కొట్టుకుంటుంది. మొదటి ఏడాది నేను ఆగలేక మంచు మీదే రంగుపొడితో చుక్కలు పెట్టాను, మూడో వరుస పెట్టేలోపే వేళ్లు మొద్దుబారాయి, మధ్యాహ్నానికి కొత్త మంచు దాన్ని కప్పేసింది. గళ్ల కాగితాల నోటుబుక్కు ఒకటి తీసుకెళ్లండి. పదిహేను చుక్కలు, ఎదురు చుక్క, సందు చుక్క అని చెబుతూ పాపతో గీయిస్తే, ఆ పిల్లకు లెక్కలూ వస్తాయి, మీకు పండుగా వస్తుంది.

నల్లగొండ అమ్మమ్మ

అందరికీ కృతజ్ఞతలు. పత్తి మూట మా చెల్లెలికి ఇచ్చేశాను. అక్షరమాల గురించి నడిగడ్డ వారు అన్న మాట కాస్త గుచ్చుకుంది కానీ, పెట్టెలో అడుగున పెట్టిన రెండు వాచకాలూ తీసి మళ్లీ బీరువాలో పెట్టాను. సురవరం వారి పుస్తకం ఉంది. చీరల విషయం నిన్న రాత్రి మనవరాలికి ఫోనులో చెప్పి, నాలుగింటినీ ఒక్కొక్కటే కెమెరా ముందు విప్పి చూపించాను. నేను బడికి కట్టుకుపోయిన ఆకుపచ్చ నూలు చీర కొంగు మీద ఎర్ర సిరా మరక ఉంది, పరీక్ష పేపర్లు దిద్దుతుండగా పడినది. దాన్ని లోపలి పొరగా వేద్దామనుకున్నాను. ఆ మరక పైకే కనబడాలనీ, తన వైపుకే రావాలనీ పాప పట్టుబట్టింది.

పెట్టె తూకం వేస్తే ఇరవై ఒక్క కిలోలు వచ్చింది. మిగిలిన రెండు కిలోలు సకినాలకు వదిలాను.