ఒక రిపోర్టులో ఓ నెగటివ్, ఇంకోదాంట్లో ఓ పాజిటివ్: ఏది నమ్మాలి?

చాలా ఏళ్ల కింద రక్తదాన శిబిరంలో గాజు పలక మీద చుక్కలు కలిపి, రెండు నిమిషాల్లో ఓ నెగటివ్ అని కార్డు రాసిచ్చారు. ఇన్నాళ్లూ అందరికీ అదే చెప్పుకుంటూ తిరిగాను. పోయిన వారం ఆపరేషన్ ముందు టెస్టులో ఓ పాజిటివ్ అని వచ్చింది! గ్రూపు మారదు కదా, మరి ఎవరిది తప్పు? ల్యాబ్ వాళ్లని అడిగితే "మాది కరెక్టే" అని ఫోన్ పెట్టేశారు. టెన్షన్‌గా ఉంది.

ట్యూబుల మనిషి:
మీ గ్రూపు మారి ఉండదండీ, చూసిన పద్ధతి మారింది. స్లయిడ్ (గాజు పలక) మీద నీలం రంగు యాంటీ-ఏ, పసుపు యాంటీ-బి, రంగులేని యాంటీ-డి అనే పరీక్ష ద్రావణాలు ఒక్కో చుక్క వేసి, రక్తం కలిపి, పలకని అటూ ఇటూ వంచుతాం. ఎర్రకణాల మీద ఆ గ్రూపు గుర్తు (యాంటిజెన్) ఉంటే పాలు విరిగినట్టు అవి ముద్దలు కడతాయి, లేకపోతే నున్నగా ఉండిపోతుంది. పాజిటివా నెగటివా తేల్చేది డి యాంటిజెన్. అది మరీ తక్కువగా ఉంటే, వీక్ డి అంటాం, స్లయిడ్ మీద ముద్ద కట్టదు. ట్యూబులో కూడా ఒక్కోసారి కట్టదు, 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, కణాలు కడిగి, కూంబ్స్ సీరం (కణాలకి అంటుకున్న యాంటీ-డిని పట్టుకుని ముద్ద కట్టించేది) వేస్తే గానీ బయటపడదు. నా అనుమానం అదే.

పాత రియేజెంట్:
వీక్ డి దాకా ఎందుకు, శిబిరంలో యాంటీ-డి సీసా రోజంతా ఎండలో ఉండి పాడై ఉండొచ్చు, పక్కవాళ్ల శాంపిల్ మీ పేరున పడి ఉండొచ్చు! ఓ అన్నదాన్ని సరిచూడ్డానికి రివర్స్ గ్రూపింగ్ ఉంది, మీ సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) తెలిసిన ఏ కణాలు, బి కణాలు విడివిడిగా కలిపితే రెండూ ముద్ద కట్టాలి. ఆర్‌హెచ్‌కి, అంటే పాజిటివ్-నెగటివ్‌కి, ఆ దారి లేదు, ఎందుకంటే నెగటివ్ వాళ్ల రక్తంలో యాంటీ-డి పుట్టుకతో రాదు. అందుకే అక్కడ పొరపాటు దొరకడం కష్టం.

అడిగినవారు:
రిపోర్టు మళ్లీ చూశాను, జెల్ కార్డ్ అని ఉంది. డి దగ్గర 2+ అట.

ట్యూబుల మనిషి:
జెల్ కార్డ్ అంటే జెల్ నింపిన సన్న గొట్టాలున్న కార్డు. అందులో ముద్ద కట్టినవి పైనే చిక్కుకుంటాయి, విడికణాలు అడుక్కి జారతాయి. ముద్ద ఎంత గట్టిగా కట్టిందో అంకెలో రాస్తారు, మామూలు పాజిటివ్‌కి 4+ వస్తుంది, అంటే ఎర్రగీత పైనే నిలబడుతుంది. 2+ అంటే కణాలు గొట్టం పొడవునా చెదిరి ఉన్నాయని, అంటే ముద్ద బలహీనంగా కట్టిందని, నా వీక్ డి అనుమానానికి తగ్గట్టే. ఆపరేషన్‌కి ముందే కొత్త శాంపిల్‌తో మళ్లీ చేయించి, రెండు రిపోర్టులూ డాక్టరుగారికి చూపించండి. వీక్ డి అని తేలితే మీరు ఇచ్చే రక్తాన్ని పాజిటివ్‌గానే లెక్కేస్తారు, మీకు ఎక్కించేటప్పుడు మాత్రం చాలాచోట్ల నెగటివే ఇస్తారు. కాబట్టి ఆ పాత కార్డు పారేయకండి.